ఒకే అణువు, వేరువేరు ఆకారాలు: సుప్రామాలిక్యులర్ పాలిమర్ల రూపాన్ని నిర్ణయించేదేమిటి?

వెన్న కాచిన నెయ్యిని గిన్నెతో పాటు గట్టు మీదే వదిలేసి నిదానంగా చల్లారనిస్తే మర్నాటికి చక్కగా పూస కడుతుంది. అదే నెయ్యిని వేడి తగ్గీ తగ్గకముందే ఫ్రిజ్‌లోకి నెడితే పూస కట్టకుండా నున్నగా గడ్డకడుతుంది. రెండు గిన్నెల్లోనూ ఉన్నవి అవే కొవ్వులు, అవే పాళ్లలో ఉన్నాయి; తేడా అంతా అవి చల్లారిన తీరులోనే ఉంది. వంటింట్లో ఎవరూ పట్టించుకోని ఈ చిన్న సంగతే, తమంత తాము పేరుకుని నారలుగా, ఉంగరాలుగా, రేకులుగా మారే అణువులతో పనిచేసే రసాయన శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా పెద్ద చిక్కుప్రశ్నగా ఉంది. అణువును ఎలా తయారు చేశామన్న దాన్నిబట్టే తుది ఆకారం తేలిపోతుందా, లేక ఆ అణువులు ఏ దారిలో ఒకచోటికి చేరాయన్నది కూడా ఆకారాన్ని నిర్ణయిస్తుందా?

ఇలా బలహీన బంధాలతో పేరుకునే అణు గొలుసులనే సుప్రామాలిక్యులర్ పాలిమర్లు అంటారు. ఈ రంగం గురించి వచ్చే వార్తల్లో "స్వయంగా పెరిగే పాలిమర్", "సజీవ పాలిమర్", "అణు ఉంగరాల గొలుసు" వంటి మాటలు కనిపిస్తుంటాయి. అవి చదివినవారికి ఇదేదో మాయలాగా అనిపించినా ఆశ్చర్యం లేదు. నిజానికి ఇందులో మాయ ఏమీ లేదు, కొద్దిపాటి లెక్క ఉంది, చాలా ఓపిక ఉంది.

గట్టి బంధాల గొలుసు, వదులు బంధాల గొలుసు

పాలిమర్ అంటే చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకుని ఏర్పడిన పొడవాటి గొలుసు. పాలిథిన్ సంచి, నైలాన్ దారం, పత్తిలోని సెల్యులోజ్ అన్నీ ఇలాంటివే. ఈ పదార్థాలు చిన్న అణువుల గుంపులు కావని, నిజంగానే వేల పరమాణువులు గట్టి బంధాలతో కలిసిన మహా అణువులని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ 1920లో ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తలలో చాలామంది నమ్మలేదు. ఆ వాదానికి నోబెల్ బహుమతి రావడానికి 1953 దాకా పట్టింది. స్టాడింగర్ గొలుసులోని లంకె సమయోజనీయ బంధం, అంటే రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని కట్టుకున్న బంధం. రెండు కార్బన్ల మధ్య అలాంటి బంధాన్ని తెంచాలంటే మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. అందుకే ప్లాస్టిక్ సంచి మట్టిలో అన్నేళ్లు అలాగే పడి ఉంటుంది.

సుప్రామాలిక్యులర్ పాలిమర్‌లోనూ గొలుసు ఉంటుంది కానీ లంకెలు వేరు. అక్కడ అణువులను కలిపి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు, బల్లపరుపు వలయాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నప్పుడు పుట్టే ఆకర్షణ, నీటికి దూరంగా జరగాలనే నూనె స్వభావం, లోహ అయాన్లతో పట్టు వంటి బలహీన శక్తులు. వీటిలో ఒక్కొక్కటీ తేలికగా తెగుతుంది, తెగినంత తేలికగా మళ్లీ కలుస్తుంది. వేడి చేస్తే గొలుసు విడిపోయి విడివిడి అణువులు మిగులుతాయి, చల్లారిస్తే మళ్లీ గొలుసు కడుతుంది.

అణువుల మధ్య ఉండే ఈ బలహీన బంధాల రసాయనానికి ఒక రూపం ఇచ్చినందుకు డొనాల్డ్ క్రామ్, ఛార్లెస్ పెడర్సన్, జాఁ-మరీ లెన్‌లకు 1987లో నోబెల్ వచ్చింది. లెన్ బృందమే 1990లో మూడేసి హైడ్రోజన్ బంధాలతో జోడీ కట్టే అణువులను తీసుకుని, వాటితో గొలుసులు ఏర్పడతాయని చూపింది. అయితే పదార్థం గట్టిదనాన్ని మార్చిన మలుపు 1997లో వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో సిబెస్మా, మేయర్ తదితరులు నాలుగేసి హైడ్రోజన్ బంధాలతో తనలాంటి దానినే పట్టుకునే యురిడోపిరిమిడినోన్ అనే ముక్కను అణువుల రెండు కొనలకూ తగిలించారు. క్లోరోఫామ్‌లో ఈ జోడీ బంధ స్థిరాంకం, అంటే పట్టు ఎంత గట్టిదో చెప్పే సంఖ్య, మోల్‌కు లీటర్ల లెక్కన సుమారు 6 కోట్లు. హైడ్రోజన్ బంధాలే ఆధారమైన పదార్థం మామూలు పాలిమర్‌లాగా సాగడం, జిగటగా ప్రవహించడం సాధ్యమేనని అప్పుడు రుజువైంది.

పొడవును లెక్కకట్టడం

ఆకారాల్లో అన్నిటికంటే సులువైనది పొడవు, కాబట్టి దానితో మొదలుపెడదాం. ప్రతి అణువూ పక్క అణువును ఒకే పట్టుతో పట్టుకుంటుందనుకుందాం. గొలుసులో రెండోదిగా చేరినా, రెండు వందలోదిగా చేరినా పట్టులో తేడా లేదు. ఇలాంటి సందర్భంలో ఒక్కో గొలుసులో సగటున ఎన్ని అణువులుంటాయన్నది బంధ స్థిరాంకాన్ని గాఢతతో గుణించి, వచ్చిన లబ్ధానికి వర్గమూలం తీస్తే దాదాపుగా తెలిసిపోతుంది.

బంధ స్థిరాంకం 10 లక్షలు, గాఢత లీటరుకు 0.01 మోల్ అనుకోండి. లబ్ధం 10,000, దాని వర్గమూలం 100. అంటే సగటున వంద అణువుల గొలుసు. ఇదే గాఢతలో వెయ్యి అణువుల గొలుసు కావాలంటే బంధ స్థిరాంకం పది రెట్లు పెంచితే చాలదు, వంద రెట్లు పెంచాలి, అంటే 10 కోట్లకు చేర్చాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ వంద రెట్లకు కావలసిన అదనపు బంధ శక్తి మోల్‌కు 11 కిలోజౌళ్లకు కాస్త ఎక్కువ, అంతే. పొడవును పెంచడం అసాధ్యమేమీ కాదని ఈ లెక్క చెబుతోంది.

చిక్కు సగటు అన్న మాటలో ఉంది. ఈ పద్ధతిలో పెరిగిన గొలుసులన్నీ ఒకే పొడవుండవు; ఐదు అణువులవి, ఐదు వందల అణువులవి ఒకే సీసాలో కలిసి ఉంటాయి. పైగా అవి నిమిషనిమిషానికీ తెగి అతుక్కుంటుంటాయి కాబట్టి, ఒక పొడవున్న వాటిని వడకట్టి పక్కన పెట్టినా కొద్దిసేపటికే మళ్లీ అన్ని పొడవులూ తయారవుతాయి. సమతాస్థితి, అంటే తెగేవీ అతుక్కునేవీ సరిసమానమైన స్థితి, దయతలచి ఇచ్చే సగటుతో సరిపెట్టుకోవాలే తప్ప అందులో అదుపు అనదగ్గది లేదు.

బీజం పడేదాకా ఆగే గొలుసులు

అన్ని అణువులూ పైన చెప్పినంత సమానంగా ప్రవర్తించవు. కొన్నిటిలో మొదటి రెండు మూడు అణువులు కలవడమే కష్టం. ఒక చిన్న గుంపు, దాన్ని బీజం అందాం, ఏర్పడిందంటే మాత్రం ఆ తర్వాత చేరేవి చకచకా చేరిపోతాయి. కండరాల్లో, కణాల్లో ఉండే యాక్టిన్ అనే ప్రొటీన్ ఇలాగే నారలు కడుతుందని జపాన్‌కు చెందిన ఒసావా, కసాయి 1962లోనే సిద్ధాంతీకరించారు.

ఇలాంటి గొలుసుకు గాఢతలో ఒక హద్దు గీత ఉంటుంది. గొలుసు పెరిగే దశలో బంధ స్థిరాంకం 10 లక్షలైతే ఆ గీత లీటరుకు ఒక మైక్రోమోల్ దగ్గర పడుతుంది. గాఢత 0.9 మైక్రోమోల్ ఉంటే దాదాపు అన్నీ విడి అణువులే. 10 మైక్రోమోల్ ఉంటే అందులో ఒకటి విడిగా మిగిలి, తొమ్మిది గొలుసుల్లోకి వెళ్తాయి. ఒకవైపు ఏమీ లేదు, మరోవైపు దాదాపు అంతా గొలుసే. బీజాలు అరుదు కాబట్టి గొలుసుల సంఖ్య తక్కువ, కనుక ఒక్కొక్కటీ చాలా పొడవు. ఆకారాన్ని అదుపు చేయడానికి దొరికే మొదటి తాళంచెవి ఈ బీజ దశే. అయితే ప్రయోగశాలలోకి వెళ్లేముందు, ఇదే లెక్క మనిషి రక్తంలో ఎంత కఠినంగా పనిచేస్తుందో చూడటం మంచిది.

కొడవలి కణం: ఆలస్యమే ప్రాణం నిలిపే చోట

సికిల్ సెల్ జబ్బు పాడేరు, అరకు, భద్రాచలం, ఆదిలాబాద్ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలకు కొత్త కాదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ జబ్బును లైనస్ పౌలింగ్ బృందం 1949లో "అణు వ్యాధి" అని పిలిచింది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉండటమే దానికి మూలం. ఆ ఒక్క మార్పు వల్ల ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ అణువుల ఒంటి మీద నీటికి గిట్టని అంటు ఏర్పడి, అవి ఒకదాన్నొకటి పట్టుకుని 14 పేటల తాడుగా, సుమారు 20 నానోమీటర్ల మందంతో పేనుకుంటాయి. ఆ తాళ్లే ఎర్రకణాన్ని లోపలి నుంచి పొడిచి కొడవలిలా వంచుతాయి. ఆ తాడు అచ్చమైన సుప్రామాలిక్యులర్ పాలిమరే: అందులో ఒక హీమోగ్లోబిన్‌కూ మరొకదానికీ మధ్య సమయోజనీయ బంధం ఒక్కటీ లేదు.

ఇందులో ముఖ్యమైనది బీజం పడటానికి పట్టే సమయం. 1974లో హాఫ్‌రిక్టర్, రాస్, ఈటన్ ఈ ఆలస్యాన్ని కొలిచారు. గాఢత మారితే అది ఎంత మారుతుందంటే, సుమారుగా గాఢత 30వ ఘాతానికి విలోమంగా మారుతుంది. ఇంత పదునైన ఆధారపడటం రసాయన శాస్త్రంలో అరుదు. 30వ ఘాతమనే లెక్కను అలాగే తీసుకుంటే, కణంలో ఈ మార్పున్న హీమోగ్లోబిన్ గాఢత 10 శాతం తగ్గినా ఆలస్యం 20 రెట్లకు పైగా పెరుగుతుంది. ఎర్రకణం సన్నటి కేశనాళికను దాటడానికి పట్టేది సుమారు ఒక సెకను. ఆలస్యం అంతకంటే ఎక్కువైతే కణం వంకరపోకముందే సిరలోకి జారుకుని, ఊపిరితిత్తుల్లో మళ్లీ ఆక్సిజన్ పుంజుకుంటుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే మేలులో పెద్ద భాగం ఇదే: గర్భస్థ శిశువులో ఉండే రకం హీమోగ్లోబిన్‌ను పెంచి, తాడులో చేరగలిగే హీమోగ్లోబిన్ పాలును తగ్గిస్తుంది.

1985లో ఫెర్రోన్, హాఫ్‌రిక్టర్, ఈటన్ మరో సంగతి చేర్చారు. ఏర్పడిన తాడు పక్క గోడ మీద కూడా కొత్త బీజాలు పడతాయి. ఒక తాడు పది తాళ్లకు చోటిస్తుంది, ఆ పది వందకు ఇస్తాయి. చాలాసేపు ఏమీ జరగనట్టుండి, తర్వాత ఒక్కసారిగా కణం నిండిపోవడానికి కారణం ఈ రెండో రకం బీజమే. ఈ మాటను గుర్తుంచుకోండి, ఉంగరాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పొడవును అదుపులో పెట్టే రెండు ఉపాయాలు: విత్తు, కొలబద్ద

బీజాలు వాటంతటవి పడేదాకా చూడకుండా, మనమే కొలిచి వేస్తే? ఇయాన్ మానర్స్, మిచెల్ విన్నిక్ బృందాలు 2007లో చేసింది అదే. రెండు రకాల ముక్కలు కలిసిన ద్విఖండ పాలిమర్లలో, ఒక ముక్క స్ఫటికంలా గడ్డకట్టి మధ్య భాగమయ్యే నారలను తీసుకుని, శబ్ద తరంగాలతో పొట్టి ముక్కలుగా విరగ్గొట్టి, ఆ ముక్కలకు విడి అణువులను అందించారు. కొత్త అణువులన్నీ ముక్కల కొనల మీదే స్ఫటికాల్లా పేరుకున్నాయి. లెక్క అక్షరాలా కూలీ లెక్కంత సులువు: వంద నానోమీటర్ల ముక్కలు ఒక పాలు ఉంటే, దానికి నాలుగు పాళ్ల అణువులు కలిపితే ఐదు వందల నానోమీటర్ల నారలు వస్తాయి, తొమ్మిది పాళ్లు కలిపితే వెయ్యి. పొడవుల్లో ఎగుడుదిగుడు చాలా తక్కువ. మధ్యలో వేరే రకం అణువు అందిస్తే ఒకే నారలో రంగురంగుల పూసల్లా ఖండాలు వస్తాయి.

చిన్న అణువులతో ఇది చేయడం ఇంకా కష్టం, ఎందుకంటే అవి బీజం కోసం ఆగకుండా తమంత తామే పేరుకుపోతాయి. జపాన్‌లోని త్సుకుబాలో సుగియాసు, తాకెయుచి బృందం 2014లో పోర్ఫిరిన్ అనే బల్లపరుపు వలయపు అణువుతో దారి కనిపెట్టింది. ఆ అణువులు ముందు గుండ్రటి కణాలుగా ముద్దకట్టి కొన్ని గంటలపాటు అలాగే ఉండిపోతాయి. ఆ ముద్ద ఒక గిడ్డంగిలా పనిచేస్తుంది: అణువులను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదులుతుంది. అప్పుడు నార ముక్కలను విత్తులుగా వేస్తే, ఆ అణువులు మరో దారి లేక విత్తుల కొనలకు చేరతాయి. 2017లో ఇదే వరుసలో, పోర్ఫిరిన్ ముద్దలను ఒకవైపు పెరిగే నారలుగానే కాక నలుమూలలా పరుచుకునే రేకులుగా కూడా పెంచి, రేకు వైశాల్యాన్ని సైతం అదుపు చేశారు.

రెండో ఉపాయం ప్రకృతిది. గోదావరి, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు మొజాయిక్ తెగులు తెలుసు. ఆకు మీద లేత, ముదురు మచ్చలు కలగలిసి కనిపిస్తాయి. దానికి కారణమైన వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ. ఒకే రకం ప్రొటీన్లు 2,130 మెట్లమెట్లుగా చుట్టుకుని ఆ కడ్డీ అవుతాయి. ప్రతి కడ్డీ అదే పొడవుండటానికి కారణం లోపలి ఆర్‌ఎన్‌ఏ దారం. ఒక్కో ప్రొటీన్ ఆ దారంలో మూడు జన్యు అక్షరాలను కప్పుతుంది. 2,130ని మూడుతో గుణిస్తే 6,390, దారం పొడవు సుమారు 6,400 అక్షరాలు. దారం అయిపోయిన చోట కడ్డీ ఆగుతుంది. 1955లో ఫ్రాంకెల్-కొన్రాట్, విలియమ్స్ ఆ ప్రొటీన్లను, ఆర్‌ఎన్‌ఏను విడదీసి మళ్లీ కలిపితే వ్యాధి కలిగించగల కడ్డీలు తిరిగి ఏర్పడ్డాయని చూపారు. ఆర్‌ఎన్‌ఏ లేకుండా ఆమ్ల ద్రావణంలో ఉంచితే ప్రొటీన్లు కడ్డీలైతే కడతాయి గానీ వాటి పొడవుకు హద్దూ పద్దూ ఉండదు. మనిషి తయారుచేసే పాలిమర్లలో ఇంత కచ్చితమైన కొలబద్ద పెట్టడం ఇప్పటికీ అరుదే.

వంపు పుట్టేదెలా: ఉంగరం లెక్క

పొడవు ఒక సంఖ్యతో తేలిపోతుంది. వంపు అలా కాదు, అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో షికి యగాయి బృందం వాడే అణువుల తలలో బార్బిట్యురేట్ అనే ముక్క ఉంటుంది. ఆరు అణువులు తలలు కలిపి, హైడ్రోజన్ బంధాలతో ఒక పువ్వులా, ఆరు రేకుల చక్రంలా అవుతాయి. ఆ చక్రాలు ఒకదాని మీద ఒకటి అప్పచ్చుల దొంతరలా పేరుకుంటాయి. దొంతర నిటారుగా ఉంటే తిన్నటి నార వస్తుంది. కానీ ప్రతి చక్రం కింది దాని మీద కచ్చితంగా కూర్చోకుండా కాస్త ఒరిగి కూర్చుంటే?

ఒక ఊహా లెక్క వేద్దాం. చక్రాల మధ్య దూరం 0.35 నానోమీటర్లు, ఒక్కో చక్రం ఒరిగేది రెండు డిగ్రీలు, అన్నీ ఒకే వైపుకు. 360 డిగ్రీలు తిరగడానికి 180 చక్రాలు కావాలి. చుట్టుకొలత 180 రెట్లు 0.35, అంటే 63 నానోమీటర్లు, వ్యాసం సుమారు 20 నానోమీటర్లు, అణువులు 1,080. ఒరుగు ఒక్క డిగ్రీకి తగ్గితే వ్యాసం 40 నానోమీటర్లకు పెరుగుతుంది. మనం కంటితో పసిగట్టలేని ఒక్క డిగ్రీ తేడా ఉంగరం సైజును రెట్టింపు చేసింది. ఒరుగు దిశ మధ్యమధ్యలో మారిపోతే ఉంగరం మూసుకోదు, నార అటూ ఇటూ వంకరలు పోతుంది. దిశ మారకుండా, కొనలు కలవకుండా పెరుగుతూ పోతే స్ప్రింగులా మెలితిరుగుతుంది. ఒకే అణువుతో ఉంగరం, స్ప్రింగు, చిక్కుపడిన దారం మూడూ సాధ్యమే. ఏది వస్తుందన్నది వేడి ద్రావణాన్ని ఎంత వేగంగా చల్లార్చారు, ఏ ద్రావణిలో చల్లార్చారు అన్న వాటితో మారుతుంది.

ఈ బృందమే 2017లో, కాంతి తగిలితే ఆకారం మార్చే అజోబెంజీన్ చేర్చిన అణువులతో, మడతపడిన నార అతినీలలోహిత కాంతి తగలగానే విచ్చుకుని, మామూలు కాంతిలో మళ్లీ మడతపడటం చూపింది. 2020లో మరింత విచిత్రమైనది వచ్చింది. ముందు ఉంగరాలను తయారుచేసి, ఆ ద్రావణంలోకి వేడి అణు ద్రావణాన్ని కొద్దికొద్దిగా చేర్చారు. పాత ఉంగరం గోడ మీద కొత్త బీజాలు పడి, కొత్త నార పాత ఉంగరం కన్నం గుండా పెరిగి, వంగి, తన కొనతో తానే కలుసుకుంది. రెండు ఉంగరాలు గొలుసు లంకెల్లా ఇరుక్కున్నాయి. ఇలా 22 ఉంగరాల వరకు వరుసగా అల్లుకున్న గొలుసును వారు సూక్ష్మదర్శినిలో చూపించారు, ఒలింపిక్ గుర్తులాంటి ఐదు ఉంగరాల కూర్పు కూడా అందులో ఉంది. కొడవలి కణంలో ప్రాణాంతకంగా పనిచేసే రెండో రకం బీజమే ఇక్కడ పనిముట్టు అయింది.

దారి మారితే గమ్యం మారుతుందా?

ఐంధోవెన్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో చాలామంది ఆలోచనను మార్చింది. ఒక చిరాల్ అణువు, అంటే ఎడమచేతి వాటమో కుడిచేతి వాటమో ఉన్న అణువు, మెలితిరిగిన నార కడుతుంది. స్థిరమైన నార ఒకవైపు మెలితిరుగుతుంది. కానీ త్వరగా చల్లారిస్తే ముందుగా పుట్టేది దానికి ఎదురు దిశలో మెలితిరిగిన, అంత స్థిరం కాని నార. రెండూ ఒకే అణువుల కోసం పోటీపడతాయి. అస్థిరమైనది త్వరగా పెరిగి అణువులన్నిటినీ మింగేయడంతో, స్థిరమైనది పుట్టడం ఆలస్యమవుతుంది. చింతపండు పులుపులో ఉండే టార్టారిక్ ఆమ్లాన్ని సాయంగా వాడి, అణువులను పూర్తిగా ఆ అస్థిర దారిలోనే నడిపించి, తర్వాత ఆమ్లాన్ని తీసేసినా ఆ మెలిక అలాగే నిలిచేలా వారు చేయగలిగారు.

ఇది ముచ్చటైన ప్రయోగమే కానీ దానివల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి సమాధానం 2016లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. శామ్యూల్ స్టప్ బృందం ప్రొటీన్ తునకలాంటి ఒకే పెప్టైడ్ అణువుతో, విద్యుదావేశాల వికర్షణను, ఆకర్షణ శక్తులను వేరువేరు క్రమాల్లో తగ్గిస్తూ పెంచుతూ రెండు రకాల నారలు తెచ్చింది. స్థిరమైనవి పొడవాటి కట్టలు, అస్థిరమైనవి పొట్టివి. పొడవాటి కట్టల మీద జీవకణాలు అతుక్కుని బతికాయి. పొట్టి నారలు కణాలు అతుక్కోకుండా అడ్డుపడ్డాయి, చావుకూ దారితీశాయి. సీసా మీద అంటించే రసాయన నామం రెండిటికీ ఒకటే.

ఇక చెమ్మ సంగతి. 2018లో ఐంధోవెన్ వారే మరొకటి బయటపెట్టారు. నూనెలాంటి ద్రావణుల్లో నీరు కలవదంటాం గానీ, పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లు ఎప్పుడూ కరిగే ఉంటుంది. తోటి నీటి అణువులు అందుబాటులో లేని ఆ ఒంటరి నీటి అణువులు హైడ్రోజన్ బంధం కోసం ఆవురావురుమంటుంటాయి. పాలిమర్‌లో చోటు దొరకగానే చేరి, దాని మెలిక దిశనే మార్చేస్తాయి. చల్లారే కొద్దీ ఈ మార్పు జరుగుతుంది. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో ఇలాంటి ప్రయోగాలు చేసేవారు ద్రావణిని ఎండబెట్టడంలో ఎంత జాగ్రత్త పడాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఏకాభిప్రాయం లేని చోట్లు

ఇక్కడ రెండు ఆలోచనా ధోరణులున్నాయి. మొదటి ధోరణి వారు ఆకారాన్ని అణువులోనే రాయాలంటారు: తగిన తల, తగిన తోక, తగిన వంపు పెట్టి అణువును సరిగా తయారుచేస్తే స్థిరమైన రూపం అదే అవుతుంది, అప్పుడు ఎవరు చేసినా, ఏ ఊళ్లో చేసినా అదే వస్తుంది. వీరి వాదంలో బలం పునరావృతిలో ఉంది. రెండో ధోరణి వారు, ప్రకృతి తన ఆకారాలను చాలావరకు దారి ద్వారానే సాధించిందని, స్థిరత్వం ఒక్కటే చూస్తే చేతికందే రూపాలు కొన్నే అని గుర్తుచేస్తారు. అస్థిర రూపం ఎన్నాళ్లు నిలుస్తుందని మొదటివారు అడిగే ప్రశ్న న్యాయమైనదే. కొన్ని గంటలు నిలిస్తే అది మందుల పెట్టెలోకి పనికిరాదు, కొన్ని ఏళ్లు నిలిస్తే వాడకం దృష్టితో అది స్థిరమైనదాని కిందే లెక్క. నా దృష్టిలో ఉంగరాల లెక్క ఈ రెండు పక్షాలనూ ఒకచోటికి తెస్తుంది: ఒరుగు అణువులో రాసి ఉంది, ఆ ఒరుగు ఉంగరమవుతుందా స్ప్రింగు అవుతుందా అన్నది దారిలో తేలుతుంది.

సాక్ష్యం మీదా అనుమానాలున్నాయి. ఉంగరాల ఫొటోలన్నీ ద్రావణాన్ని ఒక చదునైన పలక మీద చల్లి ఆరబెట్టాక తీసినవి. ఆరేటప్పుడు గాఢత పెరుగుతుంది, నారలు పలకకు అతుక్కుంటాయి, కొన్ని ఆకారాలు అప్పుడే పుట్టే వీలుంది. అందుకే ఎక్స్-కిరణాలు చెదిరే తీరును చూసే చిన్న కోణాల ఎక్స్-రే పరిక్షేపణం వంటి పద్ధతులతో ద్రావణంలోనే కొలిచి, ఫొటోతో సరిపోలిందని చూపనిదే జాగ్రత్తపరులు ఒప్పుకోరు.

"సజీవ" అన్న విశేషణం గురించి ఒక మాట. 1956లో మైఖేల్ స్వార్క్ మామూలు పాలిమర్ల విషయంలో, కొన చావకుండా నిలిచి, అణువులు అందించినప్పుడల్లా పెరిగే గొలుసులకు ఈ మాట వాడాడు. అక్కడ చేరిన అణువు మళ్లీ ఊడిరాదు. సుప్రామాలిక్యులర్ గొలుసులో చేరినదీ ఊడుతుంది, మధ్యలోనూ తెగుతుంది. కాబట్టి ఆ పేరు పెట్టడానికి కొందరు ఇష్టపడరు. "విత్తుతో పెంచినది" అంటే సరిపోయేదానికి ప్రాణం పోయడం ఎందుకన్న వారి అభ్యంతరం నాకు సబబుగానే తోస్తుంది.

మన దేశంలో ఈ పనికి పాత పునాదులే ఉన్నాయి. తిరువనంతపురంలో అజయఘోష్ బృందం 2000 దశకం మొదట్లోనే కాంతినిచ్చే అణువులను నారలుగా పేర్చి జెల్‌లు తయారుచేసింది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో సుబి జార్జ్ బృందం కణాల ఇంధనమైన ఏటీపీతో నారల మెలిక దిశను, అవి నిలిచే సమయాన్ని అదుపు చేసే ప్రయోగాలు చేసింది.

ఇంధనంతో నడిచే ఈ చివరి రకం పనే ప్రస్తుతం అన్నిటికంటే చిక్కుగా ఉంది. కణంలోని మైక్రోట్యూబ్యూల్ అనే గొట్టం స్థిరంగా ఉన్న నార కాదు. జీటీపీ అనే ఇంధనాన్ని ఖర్చుచేస్తూ పెరుగుతుంది, ఉన్నట్టుండి కూలిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. మిచిసన్, కిర్ష్‌నర్ 1984లో ఈ ప్రవర్తనను వర్ణించారు. దాని పొడవు సమతాస్థితిలోంచి వచ్చింది కాదు, ఖర్చవుతున్న ఇంధనంలోంచి వచ్చింది. గాజు సీసాలో ఇదే చేయబోతే ఇంధనం వేసిన ప్రతిసారీ దాని వ్యర్థం ద్రావణంలోనే పేరుకుని, కొన్ని విడతల తర్వాత నారల పెరుగుదలను చెడగొడుతుంది. 2017లో థామస్ హర్మాన్స్ బృందం దీనికి ఒక ఏర్పాటు చేసింది: పాలిమర్‌ను పొర చుట్టిన గదిలో ఉంచి, పొర గుండా ఏటీపీని ఎడతెగకుండా లోపలికి పంపుతూ, చిన్న వ్యర్థ అణువులను బయటకు పోనిచ్చింది. ఏటీపీ అందినంతసేపూ నారలు సమతాస్థితికి దూరంగా, ఒక నిలకడలో ఉన్నాయి. ప్రవాహం ఆపితే ఆ నిలకడా పోతుంది.